మామగారి సీమ ఈగ

వరదయ్యగారు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. అయినా ఆయనకు చేపలు పట్టకపోతే పొద్దుపోదు. అడవి శాఖలో ముప్ఫై ఏళ్లు రేంజరుగా ఉండి, పై దొర దగ్గర ఆయన శ్రద్ధగా నేర్చుకున్న విద్య ఇదొక్కటే. పట్టిన చేపను రెండు చేతులా ఎత్తి కళ్ల నిండా చూసుకుని, "పో నాయనా, పో" అని మళ్లీ ఊరి పక్కనున్న నీవా ఏట్లో వదిలేస్తారు. చిత్తూరులో చేప తినేవాళ్లు ఆయన్ను వెర్రివాడన్నారు. తిననివాళ్లు పాపాత్ముడన్నారు. ఆయన ఇద్దరి మాటా వినలేదు.

గాలానికి వానపామును గుచ్చడం ఆయనకు అసహ్యం. ఆయన కట్టేది ఈగ. అదీ నిజం ఈగ కాదు, ఈకలతో, దారంతో గోరంత గాలపు ముల్లు మీద చుట్టిన దొంగ ఈగ. అది నీటి మీద తేలుతూ పోతుంటే, చేప నిజం పురుగనుకుని పైకి వచ్చి నోరు తెరవాలి. లండన్‌లో ఒక కంపెనీ వాటిని అట్టపెట్టెల్లో పెట్టి పంపేది. యుద్ధం వచ్చింది, ఓడలు నిలిచిపోయాయి, పెట్టెలోని ఈగలు ఒక్కొక్కటే ఈకలు రాలి బోడి అయ్యాయి. నలభై మూడో సంవత్సరం కార్తీకమాసం వచ్చేసరికి మిగిలింది ఒక్కటే. దాన్ని పొడుం డబ్బీలో దూది పరిచి పడుకోబెట్టి, దేవుడి గూటి పక్కన దాచుకున్నారు. ఆయన భార్య శకుంతలమ్మ ఆ డబ్బీ వైపు చూసినప్పుడల్లా, "నాకు ఇన్ని నగలు చేయించినా ఇంత భద్రం చేసి ఉండరు" అనేది.

ఆ నెలలోనే ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరమ్మ ఉద్యోగం ఒకటి ఖాళీ పడింది. నవంబరు ముప్ఫయ్యో తేదీ లోపల దరఖాస్తు చేరాలి. కోడలు జ్ఞానాంబ మద్రాసులో నేచురల్ సైన్సు చదివి బి.ఎ. ప్యాసైన మనిషి. ప్యాసైనప్పటి నుంచి ఆ శాస్త్రమంతా పులిహోర తాలింపుకే ఖర్చవుతోంది. భర్త దొరస్వామి జిల్లా కోర్టులో గుమాస్తా. దరఖాస్తు కాగితం చూపిస్తే, "నాకేం అడ్డం లేదు, నాయన్ని అడుగు" అన్నాడు. ఏ విషయం మీదైనా అతను ఇచ్చే తీర్పు అదే. పైగా ఆ కాగితం అడుగున 'ఇంటి పెద్ద సమ్మతి' అని ఒక గీత కూడా ఉంది.

వరదయ్యగారు కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశారు.

"ఏం చెప్తావు పిల్లోళ్లకు?"

"మొక్కలు, పక్షులు, పురుగులు, మామగారూ."

"పురుగులా!" ఆయన ముఖం వెలిగింది. లేచి వెళ్లి డబ్బీ తెచ్చి మూత తీశారు. "ఇదో పురుగు. ఏం సరుకుతో చేసినారో కనిపెట్టు. చెప్తే సాలదు, ఇట్లాంటిదే ఒకటి చెయ్యల్ల. అది నీళ్లమీద తేలల్ల. నీవా ఏట్లో చేప దాన్ని నోట కరవల్ల. కరిసిన పొద్దే సంతకం పెడతా."

"తేలకపోతే?"

"తేలకపోతే పులిహోర చెయ్యి. అదీ బాగానే చేస్తావు." ఆయన డబ్బీ ఆమె చేతిలో పెడుతూ వేలు ఎత్తారు. "ఒక్క మాట. దీన్ని విప్పగూడదు. ఉండేది ఇదొక్కటే."

"అట్లే మామగారూ" అంది జ్ఞానాంబ తల వంచుకుని. ఆమె తల వంచుకుని 'అట్లే' అంటే ఇంట్లో అందరికీ నిశ్చింత. అన్నట్టే చేస్తోందా లేదా అని ఇంతవరకు ఎవరూ సరిచూసుకోలేదు.

దొరస్వామి కోర్టులో వేలిముద్రలు చూసే భూతద్దాన్ని అరువు తెచ్చాడు. జ్ఞానాంబ పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని రెండు రోజులు ఈగనే చూసింది. వెనక తోకలాగా మూడు పోచలు, గోధుమ రంగు నూగు పొట్ట, దాని మీద బంగారు తీగ చుట్లు, మెడ చుట్టూ ఎర్రటి ఈక విప్పారి చక్రంలా. బాగుంది. అయితే చూపుకు అందేది రంగే కదా, సరుకు కాదు. బంగారు తీగ రాగిదో ఇత్తడిదో, నూగు ఏ జంతువుదో, దారం నూలో పట్టో బయటి నుంచి ఏ భూతద్దమూ చెప్పదు. కాలేజీలో కప్పను కోయకుండా కప్ప గురించి పరీక్ష రాయమన్నట్టుంది.

మూడో రోజు మామగారు పేపరు చదవడానికి రీడింగు రూముకు వెళ్లారు. అత్తగారు కునుకు తీస్తోంది. జ్ఞానాంబ సూదిమొనతో ఈగ తల దగ్గర దారం కొస పైకి లేపింది. ఒక్కో చుట్టూ విప్పుతూ చాకలి పద్దు వెనకవైపు రాసుకుంది. తల దగ్గర పదకొండు చుట్లు, ఈక నాలుగు చుట్లు, తీగ అయిదు. విప్పుతుంటే వేళ్లకు కొంచెం జిడ్డు తగిలింది. తన తలనూనే అనుకుని కొంగుకు తుడుచుకుంది. ఆ ఒక్క తుడుపు వల్ల తర్వాత పది రోజులు అగచాట్లు పడింది.

అరగంటలో లండన్ ఈగ విస్తరి మీద ఆరు చిన్న కుప్పలయింది. ఇక వెనక్కి పోవడానికి లేదు. ఇప్పుడు చేయవలసింది ఒకటి కాదు, రెండు. ఒకటి పందేనికి, ఇంకొకటి డబ్బీలోకి.

ముందు దారం కొసను చిమటాతో పట్టుకుని కుంపటి మీద పెట్టింది. నూలయితే కాగితం కాలిన వాసన వస్తుంది. ఇది ముడుచుకుపోయి నల్ల పూస అయి, గుప్పుమని వెంట్రుక కాలిన కంపు కొట్టింది. అవతల గదిలో శకుంతలమ్మ లేచి కూర్చుంది.

"వంటింట్లో ఎవరి జడ కాలుతుండాది?"

"జడ కాదత్తయ్యా, పట్టు."

"పట్టా! ఏ చీరె? యాడ కాలింది?"

"లండన్‌లో" అంది జ్ఞానాంబ.

పట్టు దారం జ్ఞానాంబ పెళ్లి చీర కుచ్చుల నుంచి వచ్చింది. తీగను గీకితే లోపల ఎర్రగా రాగి కనిపించింది. అత్తగారి పాత కంచి చీర అంచులో ఉన్నది వెండి జరీ, సీమ తీగ కన్నా మేలు రకం. చేప దీనికి అభ్యంతరం చెప్పదనుకుంది. తోక పోచలకు ఎవరో అటక మీద పారేసిన విసనకర్ర నెమలీక సరిపోయింది.

నూగు దగ్గర ఆగిపోయింది. కొబ్బరి పీచు కాల్చి చూస్తే కాగితం వాసన వచ్చింది. సీమ నూగు కాలిస్తే జడ కంపు. కాబట్టి ఏదో జంతువు వెంట్రుక. భూతద్దంలో మొదట్లో తెలుపు, మధ్య గోధుమ, కొసన నలుపు. ఇలాంటి వెంట్రుకను రోజూ ఎక్కడో చూస్తున్నాననిపించింది కానీ ఎక్కడో తోచలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు మామగారు కళ్లు మూసుకుని జపంలో ఉన్నారు. ఆయన కూర్చున్నది జింకతోలు మీద.

ఆయన లేచి వెళ్లాక, గోడ వైపున్న మూల నుంచి రెండు చిటికెల వెంట్రుకలు వచ్చాయి. అచ్చంగా అది కాకపోయినా రంగుల వరస అదే. శకుంతలమ్మ ఇది చూసింది కూడా. చూసి, "అది జపం తోలు కాబట్టి సరిపోయింది. దాన్ని కడిగే పని లేదు" అని మాత్రం అంది.

ఇక మిగిలింది మెడ ఈక. దానికి కుప్పమ్మే దిక్కు. కుప్పమ్మ బంగారుపాళ్యం దారిలో ఒక పల్లె నుంచి రోజూ పెరుగు తెచ్చే మనిషి.

"కోడి ఈకా? మీ ఇంటికా అమ్మణ్ణీ?" కుప్పమ్మ పెరుగు కుండ దించి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "కోడే తినరు గదా, ఈకలేం జేసుకుంటారు?"

"పనుంది. పుంజుది కావాలి. మెడ మీదిది. సన్నగా పొడుగ్గా బిరుసుగా ఉండాలి."

"పెట్టది పనికి రాదా?"

"పెట్టది మెత్తన. నీళ్లలో వాలిపోతుంది."

"అదీ నిజిమేలే. మా ఇంట్లో గూడా బిరుసంతా పుంజుకే, పనంతా పెట్టకే. మా మొగుడు పందెం పుంజు ఒకటి సాకుతుండాడు. ఎర్రగా నిప్పు మాదిరుంటాది. నన్నైనా పస్తు పెడతాడు గానీ దాన్ని పెట్టడు. దాని మెడ మీద సెయ్యేస్తే నా మెడ మీద సెయ్యేస్తాడు."

అయినా మర్నాడు చీర చెంగులోంచి ఎనిమిది ఈకలు తీసి ఇచ్చింది. జ్ఞానాంబ సంబరంగా, "నిద్రపోతుంటే పీకావా?" అని అడిగింది.

"అవునమ్మణ్ణీ."

"పుంజు అరవలేదూ?"

"నిద్రపోయింది పుంజు గాదు, మొగుడు."

ఈకలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. గుమ్మానికి అడ్డంగా శకుంతలమ్మ నిలబడింది. "దొంగ ఈగకైనా సరే, దొరసానికైనా సరే. కోడి ఈక నా గడప తొక్కదు." చాలాసేపు మాటలయ్యాక ఒప్పందం కుదిరింది. ఈకలను కుంకుడు రసంలో నానబెట్టి, పిసికి, పసుపు నీళ్లలో ముంచి, ఎండలో ఆరబెడితే లోపలికి రావచ్చు. కోడలి చేతి మీద నమ్మకం చాలక ఆ పని ఆవిడే చేసింది. రెండుసార్లు చేసింది. ఈకలు కొత్త పట్టులా తళతళలాడుతూ గడప దాటాయి.

అడకత్తెర నోట్లో ముల్లు బిగించి, పిడులు రెంటినీ దారంతో కట్టేసి జ్ఞానాంబ పని మొదలుపెట్టింది. మామగారి పెట్టెలో బోడి ముళ్లకు కొదవ లేదు. మొదటి ఈగ చీపురు పుల్లలా వచ్చింది. రెండోది గొంగళిపురుగు. అయిదోదాన్ని చూసి దొరస్వామి, "ఇది తేలు కదూ?" అన్నాడు. ఎనిమిదోది, తొమ్మిదోది ఈగలు. తొమ్మిదోదాన్ని మామగారి డబ్బీలో దూది మీద పడుకోబెట్టి, ఎనిమిదోదాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్లింది.

వరదయ్యగారు దాన్ని బావి దగ్గర రాతి తొట్టిలో మెల్లగా వదిలారు. ఈగ ఒక్క క్షణం నీటి మీద నిలబడింది. తర్వాత తల వంచి, బాతు ముక్కు ముంచినట్టు ముంచి, తోక ఆకాశానికి ఎత్తి, మెల్లగా అడుగుకు దిగింది.

"సూసినావా!" ఆయనకు నవ్వాగలేదు. "సరుకంతా సరిగ్గానే కనిపెట్టినావు జ్ఞానం, నేను ఒప్పుకుంటా. అయితే ఇది ఈగ గాదు, ముత్యాలు ఏరేవాడు. సీమ ఈగ ఎట్ల తేలుతుందో సూపిస్తా, ఆ డబ్బీ తే."

జ్ఞానాంబ రెండడుగులు వేసి ఆగింది. "తెస్తా మామగారూ. రాతి తొట్టి కదా, మొన తగిలి విరిగితే... ఉండేది అదొక్కటే."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. "వొద్దులే. ఉండనీ" అన్నారు.

వంటింటి వాకిట్లో నిలబడ్డ శకుంతలమ్మ మాత్రం మనసు కష్టపెట్టుకుంది. "అంత కడిగినానే! ఎట్ల మునిగింది?"

జ్ఞానాంబ ఈక చుట్లు నాలుగుంటే ఆరు చేసింది. అయినా ఈగ ముక్కు ముంచింది. పొట్ట పలచన చేసింది, జరీ తీసేసింది, ఇంకా సన్నపు ముల్లు వెతికి కట్టింది. ఏం చేసినా అదే వరస, తల కిందికి తోక పైకి. ఇరవయ్యో తేదీ పోయింది, ఇరవై మూడూ పోయింది. దరఖాస్తు కాగితాన్ని మడిచి మసాలా డబ్బా కింద పెట్టింది. రోజూ తాలింపు వేసేటప్పుడు అది కంటపడుతుంది. అందుకే అక్కడ పెట్టింది.

శుక్రవారం తలంటు. శకుంతలమ్మ కోడలి తలకు నూనె దట్టంగా మర్దించి మొదటి చెంబు నీళ్లు పోసింది. నీళ్లు జుట్టుకు అంటలేదు. తామరాకు మీద జారినట్టు ముత్యాలై భుజాల మీదికి దొర్లాయి. తర్వాత కుంకుడు రసం పోసి రుద్ది మళ్లీ ఒక చెంబు గుమ్మరించింది. ఈసారి జుట్టు నీళ్లన్నీ తాగేసి తాడులా బరువెక్కి వీపుకు అతుక్కుపోయింది.

జ్ఞానాంబ కంట్లో నురుగు పడుతున్నా కళ్లు తెరిచింది.

తోక వైపు జింకతోలు వెంట్రుక. దాన్ని ఎవరూ కడగలేదు. అది తేలింది. తల వైపు కోడి ఈక. దాన్ని అత్తగారు రెండుసార్లు కడిగారు. అది మునిగింది. దేవుడు కోడికి పూసి పంపిన జిడ్డునంతా కుంకుడు రసం ఊడ్చేసింది. మరి లండన్ ఈగ విప్పినప్పుడు వేలికి తగిలిన జిడ్డు? అది తన తలనూనె కానే కాదు. ఆ కంపెనీవాడు ఏదో పూసే పంపాడు.

"తల తిప్పు, ఇంకా నురుగుండాది" అంది శకుంతలమ్మ.

"నేనెంత తెలివితక్కువదాన్ని అత్తయ్యా!"

"ఉంటే ఉండావు, తల తిప్పు."

మర్నాడు కుప్పమ్మ మళ్లీ ఆరు ఈకలు తెచ్చింది. పుంజు మెడ బోడిదవుతోందని, దానికేదో తెగులు తగిలిందని మొగుడు రోజూ ఆకు పసరు పూస్తున్నాడని కూడా చెప్పింది. శకుంతలమ్మ కుంకుడుకాయల డబ్బా అందుకోబోయింది. జ్ఞానాంబ ఆవిడ ముందు పీట వేసుకుని కూర్చుంది.

"అత్తయ్యా, వండిన అన్నం మీద నెయ్యి చుక్క ఎందుకు వేస్తాం?"

"ఎందుకేంది? శుద్ధికి."

"అన్నాన్ని కడగకుండానే శుద్ధి అయిపోతుందా?"

"నెయ్యి పడినాక ఇంకా నీళ్లెందుకు?"

"అంతటి నెయ్యి ఒక్క ఈకను శుద్ధి చెయ్యలేదా?"

శకుంతలమ్మ కుంకుడు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఎనుము నెయ్యి గాదు. ఆవునెయ్యి అయితేనే" అని తీర్పు చెప్పింది. ఆ పైన తానే నెయ్యి గిన్నె తెచ్చింది. జ్ఞానాంబ కొత్తగా కట్టిన ఈగకు వేలికొసతో పలచగా రాసి పక్కన పెట్టి, డబ్బీలోంచి తీసిన తొమ్మిదోదానికీ రాయడం మొదలుపెట్టింది.

"పందెం ఒక ఈగకే గదా" అంది శకుంతలమ్మ.

జ్ఞానాంబ వేలు మళ్లీ నేతిలో ముంచింది. అత్తగారి కళ్లు దేవుడి గూటి పక్కన ఖాళీగా తెరిచి ఉన్న పొడుం డబ్బీ మీదికి వెళ్లాయి, తిరిగి వచ్చాయి. ఆవిడ ఇంకొంచెం నెయ్యి వేసి గిన్నె ముందుకు తోసింది.

తొట్టిలో ఈగ తేలింది. నీటి మీద ఈకల కొసలతో, నీటిని తాకీ తాకనట్టు నిలబడింది. జ్ఞానాంబ పొయ్యి మీద పాలు పొంగుతున్నా చాలాసేపు దాన్నే చూసింది.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున జట్కా కట్టించుకుని మామగారూ కోడలూ ఊరి బయట ఆనకట్టకు పోయారు. వానలకు నీవా ఏరు నిండుగా ఉంది. ఆనకట్ట దిగువన మడుగులో నీళ్లు తేరుకుని పచ్చగా మెరుస్తున్నాయి. "సాక్షి లేకుండా పందెమేంది" అని శకుంతలమ్మ కూడా వచ్చి, బండ మీద పైట చుట్టుకుని కూర్చుంది.

వరదయ్యగారు బాదం ఆకు పరిచి, దాని మీద డబ్బీలోని ఈగను, కోడలి ఈగను పక్కపక్కన పెట్టారు.

"మెచ్చుకోవల్ల, నీది బాగానే వచ్చింది. అయినా సూడు" అని డబ్బీ ఈగను చూపుడు వేలితో చూపారు. "ఆ బిగువు సూడు. ఆ చుట్టు సూడు. ఇది దొరల చేతిపని. ఇది రావల్లంటే ఆ చలి దేశంలో పుట్టల్ల."

"అవును మామగారూ."

శకుంతలమ్మకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

ఆయన కోడలి ఈగను దారానికి కట్టి వెదురు బెత్తాన్ని వెనక్కి ఊపి విసిరారు. ఈగ మడుగు పై కొసన పడింది. తేలింది. ప్రవాహంతో పాటు నెమ్మదిగా, కులాసాగా దిగువకు వచ్చింది. దాన్ని చేప ఏదీ పట్టించుకోలేదు. రెండోసారి విసిరారు. ఏదో ఒకటి పైకి వచ్చి చూసి వెళ్లిపోయింది. మూడోసారి, నాలుగోసారి. ఎండ ఎక్కింది. ఆయన నుదుటి మీద చెమట తుడుచుకుని, "సాలా?" అన్నట్టు కోడలి వైపు చూశారు.

"ఆ గడ్డి దగ్గర వేయండి మామగారూ. పురుగులు అక్కడి నుంచే రాలుతాయి."

ఆయన ఒక నిమిషం ఆమెనే చూసి, గడ్డి దగ్గర వేశారు. నీళ్లు గుప్పున పగిలాయి. బెత్తం విల్లులా వంగింది. వరదయ్యగారు వయసు మరిచి మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోయారు. కాసేపటికి ఆయన రెండు చేతుల్లో మూరెడు చేప ఒకటి వెండిలా తళుక్కుమంటూ నోరు తెరిచి మూసింది. దాని పెదవి అంచున ఎర్రటి ఈకల చక్రం చెక్కుచెదరకుండా ఉంది.

"పో తల్లీ, పో" అని వదిలేశారు.

గట్టెక్కి, తడిసిన పంచె పిండుకుని, సీమ ఈగను మళ్లీ డబ్బీలో పెట్టడానికి చేతిలోకి తీసుకున్నారు. ఎండకు అది కొంచెం మెత్తబడి ఉంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత చేప నోట్లోంచి తీసిన దాన్ని పెట్టుకున్నారు. మళ్లీ మొదటిదాన్ని.

"జ్ఞానం."

"ఏం మామగారూ?"

"లండన్‌లో గూడా ఆవునెయ్యే పూస్తారా?"

జ్ఞానాంబ ఏటి వైపు చూసింది. "పూస్తారేమో మామగారూ."

"యుద్ధంలో వాళ్లకు నెయ్యి బాగానే దొరుకుతుండాదే."

"ఎందుకు దొరకదు?" అంది శకుంతలమ్మ బండ మీద నుంచి. "వాళ్లింట్లో గూడా ఒక అత్త ఉంటుంది లెండి."

వరదయ్యగారు భార్య వైపు చూశారు, కోడలి వైపు చూశారు, ఈగలు రెంటినీ ఒకే దూది మీద పడుకోబెట్టి మూత వేశారు. "కాగితం ఇంట్లో ఉండాదా?" అన్నారు.

జ్ఞానాంబ కొంగు ముడి విప్పింది. కాగితమూ కలమూ రెండూ అందులోనే ఉన్నాయి. ఆయన బండ మీద పరిచి, గీత మీద వంకర పోకుండా సంతకం చేసి, ఆరేదాకా ఊది ఇచ్చారు.

"మసాలా వాసనేస్తుండాది."

"రేపటికి పోతుంది మామగారూ. నేనే తీసుకెళ్లి ఇస్తాను."

"ఇయ్యి. ఇస్కూల్లో చేరేలోపల నాకింకో అర డజను ఈగలు కట్టియ్యి. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. నా డబ్బీలోది మళ్లీ విప్పగూడదు."

"అట్లే మామగారూ" అంది జ్ఞానాంబ తల వంచుకుని.

ఆయన జట్కా ఎక్కబోతూ ఆగి వెనక్కి తిరిగారు. "నువ్వు అట్లే అంటే ఏందర్థమో, అది ముందు చెప్పు."